గీతలు లేని ప్లేటు

మా నాయనకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు కనిపించినా వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. కుండ, తలుపు, పుచ్చకాయ, ఒకసారి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరుగారు కూర్చున్న కుర్చీ. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మార్కాపురంలో పలకల వ్యాపారం అలాంటిది. గని నుంచి వచ్చిన రాయి పైకి ఎంత నల్లగా నిగనిగలాడినా లోపల సన్నటి పగులు ఉంటే కంటికి తెలియదు. కణుపుతో కొడితే చెవికి తెలుస్తుంది. మంచి పలక ఖంగుమంటుంది, పగులున్నది దబ్బుమంటుంది. మొదటిదాన్ని మోగే పలక అనేవాళ్ళం, రెండోదాన్ని మూగ పలక అనేవాళ్ళం. నాయన కొట్టి ‘ఊ’ అన్న పలకను కంభంలోగానీ కనిగిరిలోగానీ మళ్ళీ ఎవరూ కొట్టి చూసేవాళ్ళు కాదు. మా దుకాణానికి అసలు పెట్టుబడి ఆయన చెవి. ఆ సంగతి ఊరికి తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు.

పలకల తర్వాత ఆయనకు ఇష్టం పాట. నేను పుట్టకముందు కొన్న కీ ఇచ్చే గ్రామఫోను ఒకటి, ఓ ముప్పై పాటల ప్లేట్లు ఉండేవి. ఆ ముప్పైలో ఒక ఫిడేలు ప్లేటంటే ఆయనకు ప్రాణం. మూడు నిమిషాల వాయింపు. చివర్లో ఆ ఫిడేలు మెట్టు మెట్టుగా పైకి వెళ్ళి, పై షడ్జమం మీద వెంట్రుకంత సన్నగా నిలబడి ఆగిపోతుంది. నాయన కళ్ళు మూసుకుని, మోకాలి మీద ఆదితాళం వేస్తూ ఆ చివరి స్వరం కోసం కాచుకుని ఉండేవాడు. అది రాగానే "అదీ!" అని కళ్ళు తెరిచేవాడు. మా ఇంట్లో అది దాదాపు రోజూ జరిగేది. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టే.

కొత్త రాష్ట్రం వచ్చి కొన్నేళ్ళయింది. మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. మా వీధికి కరెంటు వచ్చింది, చాలాసార్లు పోయింది కూడా. ఆ రోజుల్లోనే నాయన గ్రామఫోను మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు. పై స్వరం సరిగ్గా రావడం లేదన్నాడు. సూదులు మార్చాడు. స్ప్రింగు మార్పించాడు. అదే నెలల్లో మా అమ్మ మీద కూడా ఇంచుమించు అదే ఫిర్యాదు చేశాడు.

"ఈ నడుమ మీ అమ్మ గొణగడం నేర్చుకునింది" అన్నాడు నాతో.

మా అమ్మ వంటింట్లో నుంచి పిలిస్తే వీధి చివర బావి దగ్గర ఆడవాళ్ళు తలలు తిప్పేవాళ్ళు. ఆమె గొణగడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఎరగరు.

"ఆడలేక మద్దెల ఓడు అన్న్యట్టుండాది మీ నాయన సంగతి" అంది అమ్మ. అంతకుమించి అనలేదు. నేనూ అనలేదు. ఆయన చెవి కాస్త మందగించిందని మా ఇద్దరికీ అనుమానమే. పలకలు కోసే మా షెడ్డులో రంపానికి పెట్టిన ఆయిల్ ఇంజను పక్కన అన్నేళ్ళు నిలబడితే ఏ చెవికైనా అంతే. కానీ మా ఇంట్లో ఆ మాట పైకి అనడమంటే దుకాణం మూసేద్దాం అన్నట్టే. చెవిటివాడి ముందు శంఖం అనే సామెతను కూడా అమ్మ వాడడం మానేసింది. అలవాటు కొద్దీ ఒకసారి నోటిదాకా వస్తే నాలుక కరుచుకుంది.

ఇంతలో కనిగిరి నుంచి మా సరుకు ఒక పెట్టె వెనక్కి వచ్చింది. అందులో పదకొండు మూగ పలకలు. పైన మర్యాదగా ఒక చీటీ: ‘శెట్టిగారు ఈసారి పలకలను వేరేవాళ్ళ చేత కొట్టించినట్టున్నారు.’ నాయన ఆ చీటీ చదివి, బండి కుదుపులకు పగిలాయన్నాడు. ఆ వారమే మద్రాసు బయల్దేరాడు. చెవి డాక్టరు దగ్గరికేమోనని అమ్మ ఆశపడింది. ఆయన పాటల మిషన్ కొనుక్కుని వచ్చాడు.

సామాన్యమైన మిషన్ కాదు. పై దేశంలో చేసింది. రేడియో స్టేషన్లలో వాడే రకం అని కొట్టువాడు చెప్పాడట. తిరిగే పళ్ళెం ఒకటి, దాని మీదికి వంగే చెయ్యి ఒకటి, వాల్వులు వెలిగే పెట్టె ఇంకొకటి, బీరువాలో సగం ఉండే స్పీకరు ఒకటి. మార్కాపురం రోడ్డు స్టేషనులో దించుకుని, ఎద్దుల బండిలో గడ్డి పరిచి పెట్టించి, ఊరిదాకా నాయన పెట్టె మీద చెయ్యేసి బండి పక్కనే నడిచి వచ్చాడు. కోడలిని తెచ్చినప్పుడు కూడా ఎవరూ అంత మెల్లగా బండి తోలరు. కొట్టువాడు దాన్ని టర్న్‌టేబుల్ అన్నాడు. మా అమ్మ తిరిగే పళ్ళేన్ని చూసి తిరగలి అంది. మా ఇంట్లో దాని పేరు చివరిదాకా తిరగలే.

దాంతోపాటు ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చింది. నేను ఆడపిల్లల బడిలో టీచరును. నాకు ఇంగ్లీషు క్షుణ్ణంగా వచ్చని ఇంట్లో ఒక నమ్మకం ఉండేది, నేను దాన్ని ఎప్పుడూ చెరపలేదు. అందువల్ల తిరగలి బాధ్యత నాది అయింది. కాపురం పెట్టడం కంటే దాన్ని పెట్టడం కష్టమని ఆ వారంలో తెలిసింది.

మొదటి షరతు, పళ్ళెం సమంగా ఉండాలి. మా ఇంట్లో ఏదీ సమంగా ఉండదు. నాపరాళ్ళ నేల, కడిగితే నీళ్ళు పోవాలని ప్రతి గదీ తూము వైపు వాలుగా పరిచారు. రెండో షరతు, అదరకూడదు. పక్క గదిలో అమ్మ రోట్లో కారం దంచితే సూది ఒక గీతలో నుంచి ఇంకో గీతలోకి దూకేది. నాయన దీనికి షెడ్డులో నుంచి మందు తెచ్చాడు. మూడు వేళ్ళ మందం, మంచంలో సగం వెడల్పు ఉన్న పలకరాయి. నలుగురు మోసుకొచ్చారు. కొట్టి చూసి, ఖంగుమన్నదని తృప్తిపడ్డాడు. నేనూ విన్నాను, అది నిజంగానే మోగింది. దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు పెట్టాం. మేస్త్రీ దగ్గర రసమట్టం అరువు తెచ్చి, గాజులోని బుడగ నడిమికి వచ్చేదాకా ఒక పక్క అట్టముక్కలు దోపాను. బుడగ నడిమికి రావడానికి రెండు రోజులు పట్టింది. మేస్త్రీ వచ్చి చూసి, ఊళ్ళో ఇంత మట్టంగా ఉండేది ఇదొక్కటే అన్నాడు. ఆయన కట్టిన ఇళ్ళతో సహా అన్నమాట.

మూడోది సూది బరువు. సూది ప్లేటు మీద ఆరు గ్రాముల బరువుతో ఆనాలని పుస్తకంలో ఉంది. ఎక్కువైతే ప్లేటు అరుగుతుంది, తక్కువైతే సూది గెంతుతుంది. గ్రాము అనే మాట అప్పటికి మా ఊళ్ళో బడి పుస్తకంలో తప్ప లేదు. తులం ఉంది, శేరు ఉంది, మణుగు ఉంది. నేను గ్రాములను తులంలోకి మార్చి, తులాన్ని పట్టుకుని ఆచారి దగ్గరికి వెళ్ళాను. బంగారం పని చేసే ఆచారి నాకు ఊరి వరసకు మామ. ఆయన లెక్కలో తులానికి తొంభై ఆరు గురిగింజలు.

"నలభై తొమ్మిది గింజలమ్మా, పైన రవ్వంత" అన్నాడు. ఆ రవ్వంత కోసం ఒక గింజను పట్టుకారుతో నొక్కి సగం చేశాడు. "బంగారం తూచేటప్పుడు గూడా ఇంత జేయలేదు నేను. ఏందమ్మా తూచేది?"

"సూది, మామా."

ఆయన చిన్న త్రాసు తీసుకుని మా ఇంటికి వచ్చి, ఒక సిబ్బిలో గింజలు పోసి, రెండో సిబ్బి మీద మిషన్ చేతిని దించమన్నాడు. చేతి వెనక ఉన్న బరువును నేను వెంట్రుకవాసి జరుపుతూ ఉంటే, ముల్లు నిలబడగానే "ఆగు" అన్నాడు. వెళ్ళేటప్పుడు అరగింజను నాకే ఇచ్చేశాడు, తన దగ్గర దానికి పనిలేదని.

వేగం చూడడానికి చుట్టూ గీతలున్న అట్టబిళ్ళ ఒకటి ఇచ్చారు. దాన్ని పళ్ళెం మీద పెట్టి తిప్పితే, కరెంటు దీపం వెలుతురులో ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. అదీ నిలబెట్టాను. పాత ప్లేట్లకు వేరే సూది ఉంటే అదీ తగిలించాను. అన్నీ కుదిరాక ఫిడేలు ప్లేటు పెట్టాను. ఆ మొదటిసారి విన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. కమాను తీగ మీద ఆనే చప్పుడు వినిపించింది. వాయించే ఆయన పైకి వెళ్ళే ముందు ఊపిరి పీల్చుకున్నది వినిపించింది. ఇరవై ఏళ్ళు విన్న ప్లేటులో ఒక మనిషి ఉన్నాడని ఆ రోజే తెలిసింది. చివరి స్వరం గదిలో దీపం వెలిగించినట్టు వచ్చి ఆగింది. నేను గర్వంగా నాయన వైపు చూశాను.

ఆయన కళ్ళు తెరిచి, "బాగనే ఉండాది. పైన మాత్రం రాలే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రెండు రోజుల రసమట్టం, నలభై తొమ్మిదిన్నర గురిగింజలు. మళ్ళీ తూచాను. ఆచారి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మట్టం చూశాను. పైన రాలేదన్నాడు. సూది మార్చాను, మద్రాసు నుంచి తెప్పించి. రాలేదన్నాడు. ఇలా ఆరునెలలు. నాయన చెవి మందమని నాకు అనుమానం ఉండనే ఉంది, అయినా ఆయన వంక పెడుతున్నది నా పనితనానికేనని అనిపించేది. మనిషికి గర్వం ముందు అనుమానం నిలబడదు. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ తిరగలి ముందు కూర్చునేదాన్ని. ఒకరోజు "నీకు ఏదీ నచ్చదు నాయనా, దేవుడు దిగొచ్చి వాయించినా పైన రాలేదనే అంటావు" అని అరిచాను. ఆయన బదులు చెప్పలేదు. వినీ ఊరుకున్నాడనుకున్నాను.

కొనడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. మార్కాపురం గాలిలో సగం పలకల దుమ్మే. నీళ్ళ బిందె మీద, అన్నం మీద, దేవుడి పటం మీద ఉంటుంది. సూది కొనకు అది పేరుకుంటే పాట బొంగురుపోతుంది. అందుకని సూదిని మెత్తటి కుంచెతో వెనక నుంచి ముందుకు తుడిచేదాన్ని. ముందు నుంచి వెనక్కి తుడిస్తే విరుగుతుందని పుస్తకం బెదిరించింది. పళ్ళెం మీద నాయన పట్టు అంచు పంచె కప్పేవాళ్ళం. ఆ పంచె ఆయన ఇంకెప్పుడూ కట్టలేదు. తిరగలి పాడేటప్పుడు అమ్మ కారం దంచకూడదు, పిల్లి గదిలోకి రాకూడదు, బంధువులు వస్తే చెప్పులు విప్పి మెల్లగా నడవాలి. మా మేనత్త అలిగి ఒక ఏడాది రాలేదు. ఆ లాభాన్ని అమ్మ తిరగలి ఖాతాలోనే వేసింది.

ఇక్కడ షెడ్డులో పనిచేసే పెద్దాయన గురించి చెప్పాలి. ఊరి బయట పల్లె నుంచి వచ్చేవాడు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు మా షెడ్డుకు. ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఒకటే, రంపం కింద నుంచి వచ్చిన పలక మీద గీతలు లేకుండా చేయడం. నీళ్ళు చల్లి, సానరాయితో గుండ్రంగా రుద్ది, బొటనవేలితో తడిమి, మళ్ళీ రుద్ది. ఆయన నునుపు చేసిన పలకలో పిల్లలు బలపం పట్టేముందు మొహం చూసుకునేవాళ్ళు. ఆయన పనికి వంక పెట్టినవాణ్ణి నేను చూడలేదు. నేను ఆయన్ని తాతా అని పిలిచేదాన్ని.

ఆ ఎండాకాలం నాయన కొత్త కారణం కనిపెట్టాడు. మిషన్ తప్పు కాదు, ప్లేటు తప్పు. ఒక మధ్యాహ్నం ఫిడేలు ప్లేటును కిటికీ దగ్గర వెలుతురులోకి వంచి చూస్తూ, అప్పుడే ఏదో పనిమీద వచ్చిన పెద్దాయనకు చూపించాడు.

"చూడు, గీతలు బడినాయి. ఈ గీతలు పోతే బాగా పలుకుతాది."

ఆయన ఉద్దేశం ప్లేటు మీద గీరుకుపోయిన చారలు రెండు మూడు. ఈ మాట అనేసి నాయన గిద్దలూరు సంతకు వెళ్ళిపోయాడు. ప్లేటు బల్ల మీద వదిలేశాడు. నేను బడిలో ఉన్నాను. అమ్మ నిద్రపోతోంది. మర్నాడు పొద్దున పెద్దాయన ప్లేటును గుడ్డలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

గుడ్డ విప్పాను. నా మొహం కనిపించింది.

"అయ్య గీతలు పోవాలన్న్యాడు గదమ్మా" అన్నాడు. "చూస్తే ఒకటి గాదు, రెండు గాదు, అంతా గీతలే. ఎవురో చేతగానోడు చేసిన సరుకు. నిన్న పొద్దుగూకేదాకా అదే పని జేసినా. రెండు పక్కలా."

నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ముప్పై ఏళ్ళ పనితనమంతా పెట్టి ఆయన పాటను తుడిచేశాడు. అంత నునుపైన వస్తువు నేను మళ్ళీ చూడలేదు. నోరు తెరిచేలోపు నాయన సంత బండి దిగి లోపలికి వచ్చాడు, కండువాతో మొహం తుడుచుకుంటూ. పెద్దాయన సంతోషంగా ప్లేటు వైపు చెయ్యి చూపించాడు. నాయన దాన్ని సరిగ్గా చూడనైనా లేదు. ప్రయాణం అలసటో ఏమో, పడక్కుర్చీలో కూర్చుని, "పెట్టమ్మా, చూద్దాం" అని కళ్ళు మూసుకున్నాడు.

నేను పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. సూది దించితే ఆయనే విని తెలుసుకుంటాడు, నేను చెప్పే పని తప్పుతుందనుకున్నానేమో. సూది ఆ నునుపు మీద ఆనగానే నాచు మీద కాలులా జారి, ఒక్క క్షణంలో నడిమికి వెళ్ళి, అక్కడ అంటించిన పేరు కాగితం మీద గరగరమంటూ తిరగసాగింది. అంతే. పాట లేదు. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

నాయన చెయ్యి మోకాలి మీద లేచింది. ఆదితాళం వేయడం మొదలుపెట్టాడు.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. తప్పకుండా, తొందరపడకుండా. ఫిడేలు నెమ్మదించే చోట ఆయన తల నెమ్మదిగా ఊగింది. వాయించే ఆయన ఊపిరి పీల్చుకునే చోటికి వచ్చేసరికి నాయన వేలు కాస్త ఆగింది. మూడు నిమిషాలూ ఆయన లోపల ఆ పాట జరిగింది, బయట సూది కాగితాన్ని గీరింది. నాకు ఏడుపొచ్చింది. పై స్వరం ఒక్కటే కాదు, ఆయనకు ఏ స్వరమూ రావడం లేదు. ఎన్నాళ్ళుగానో. ఆరునెలలు ఆయన మీద మండిపడ్డ నా మీద నాకు అసహ్యం వేసింది. పెద్దాయన నోరు తెరవబోయాడు. అమ్మ చెయ్యెత్తి వద్దంది. జీవితంలో మొదటిసారి ఆమె ఏ చప్పుడూ చెయ్యలేదు.

సరిగ్గా ఫిడేలు ఆగవలసిన చోట నాయన చెయ్యి ఆగింది.

"అదీ!" అని కళ్ళు తెరిచాడు. "ఇప్పుడు కుదిరింది."

అప్పుడు ఆయన సూదిని చూశాడు. నడిమి కాగితం మీద ఒక తెల్లటి గుండ్రం గీరుకుపోయి ఉంది. లేచి వచ్చి, పళ్ళేన్ని ఆపి, ప్లేటు మీద బొటనవేలు పెట్టి అంచు నుంచి నడిమిదాకా తడిమాడు. పలకను తడిమినట్టే.

"ఎంతసేపాయె ఇది నడిమికొచ్చి?" అని నన్ను అడిగాడు.

"ఇప్పుడే నాయనా" అన్నాను.

ఆయన నా కళ్ళకేసి చూడలేదు. నా పెదవులకేసి చూస్తున్నాడు. చాలా రోజులుగా అలాగే చూస్తున్నాడని అప్పుడే గమనించాను. నేను ఆ రోజు అరిచిన మాట ఆయన చెవిన పడలేదు. కంటపడి ఉంటుంది.

ఆయన ప్లేటు తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. "నునుపు బాగా వచ్చింది" అన్నాడు.

"రెండు పక్కలా జేసినా అయ్యా" అన్నాడు పెద్దాయన.

నాయన తల ఊపాడు. ఆ రోజు అమ్మ రోట్లో కారం దంచింది. ఎవరూ వద్దనలేదు.

మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆపి, "రవ్వంతసేపు షెడ్డుకాడికి రా" అన్నాడు. ఆడపిల్లను షెడ్డుకు రమ్మనడం అదే మొదలు. అందరూ ఉన్నారు. ఇంజను ఇంకా వేయలేదు. పెద్దాయన సానరాయి కడుగుతున్నాడు. కంభం వెళ్ళవలసిన సరుకు గోడకు ఆనించి ఉంది. నాయన నన్ను పక్కన నిలబెట్టుకుని, మొదటి పలక ఎత్తి కణుపుతో కొట్టాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగనిది, పదిమందిలో, గొంతు తగ్గించకుండా అడిగాడు.

"మోగిందా?"

"మోగింది నాయనా" అన్నాను, ఆయనకేసి తిరిగి, పెదవులు కనపడేలా.

దాన్ని కుడిపక్క పెట్టాడు. రెండోది తీసి కొట్టాడు.

"ఇది?"

"మూగది."

దాన్ని ఎడమపక్క పెట్టి, మూడోది అందుకున్నాడు.